తెరమీది ఫారము - తెరవెనుక పరీక్ష

గుత్తికిని తాడిపత్రికిని నడుమ యాడికి అను గ్రామమున్నది. సమీపముననున్న కోనుప్పలపాడు సున్నపురాతి గుహలవలన ఆ పేరు కొందరు శ్రోతలకు తెలిసియేయుండును. అనంతపురము జిల్లాలో ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియైనను వేరుసెనగ విత్తువేళకు వచ్చునని నమ్ముటకు వీలులేదు. కావున ఆకాశమువంక చూచుట ఇచ్చటివారికి తరతరాల అలవాటు. ఇటీవల మరియొక వస్తువువంక చూచుటయు అలవాటైనది. అది గుమాస్తా ముందున్న కంప్యూటరు తెర.

2011లో మీసేవ వచ్చినది. 2016లో ప్రధానమంత్రి ఫసల్ బీమా వచ్చినది. 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ సచివాలయములు మొదలైనవి. కాగితముపై వ్రాసి ఇచ్చిన అర్జీలు క్రమముగా తెరమీది ఫారములైనవి. కాగితపు ఫారములో గడి చాలనిచో అంచున వ్రాయవచ్చును, గుమాస్తా దయగలవాడైనచో సర్దుకొనును. తెరమీది గడికి అంచు లేదు. అది "తప్పు" అని ఎఱ్ఱని అక్షరములలో చూపినచో, ఆ మాటకు ఎదురుచెప్పుటకు అచ్చట మనిషి లేడు. వచ్చిన రైతుకు ఒకనాటి కూలియు, బస్సు చార్జీయు పోవును. చివరి తేదీ దగ్గరపడియున్నచో అంతకంటె ఎక్కువయే పోవును.

ఇట్టి ఫారములను జనుల ముందుంచుటకు పూర్వము పరీక్షించుట మా వృత్తి. పుట్టినది ఈ సీమలో, పనిచేయునది హైదరాబాదులో. ఆ పరీక్షలను ఫారముయొక్క మూలసంకేతమునుండి యంత్రముచేతనే వ్రాయించు పద్ధతియొకటి ఇప్పుడు బాగుగా వ్యాప్తిలోనికి వచ్చినది. దానివలన మేము పొందిన లాభమును, తిన్న దెబ్బను ఈ ప్రసంగములో చెప్పదలచితిమి.

తెరపై మనకు కనబడు పుట వెనుక ఒక వ్రాత ఉండును. ఇచ్చట ఒక గడి, దానిపై "రైతు పేరు" అను శీర్షిక, క్రింద ఒక మీట, మీట నొక్కినచో జరుగవలసిన పని, ఇవన్నియు ఆ వ్రాతలో వరుసగా ఉండును. దానినే మూలసంకేతమనియు, సోర్సు కోడు అనియు అందురు. ఆ వ్రాతను చదివి తెరపై బొమ్మకట్టి చూపు సాధనము బ్రౌజరు. పూర్వము పరీక్షకుడు తానే కుర్చీలో కూర్చుండి, ప్రతి గడిని నింపి, ప్రతి మీటను నొక్కి చూచెడివాడు. ఫారములో అవును, కాదు అని చెప్పవలసిన ప్రశ్నలు పది ఉన్నచో, వాని కూడికలు 1,024. ఒక్కొక్క దానికి రెండు నిమిషములైనను, మొత్తము 34 గంటలు పట్టును. మరునాడు ఫారములో ఒక గడి మారినచో మరల మొదటినుండి చూడవలెను. మేమును ఆ పని చేసితిమి. నాలుగవ గంట గడచిన పిమ్మట కన్ను తెరమీద ఉండునేకాని మనస్సు అందుండదు.

ఈ బాధనుండియే బ్రౌజరును మనిషి చేతికి బదులు మరియొక ప్రోగ్రాముచేత నడిపించు ఉపాయము పుట్టినది. హైదరాబాదు అమీర్‌పేట వీధులలో శిక్షణాలయముల బోర్డులపై "సెలీనియం" అను మాట చూచినవారు అది యేదో మందని భ్రమపడవచ్చును. ఆ భ్రమలో కొంత నిజమున్నది. 2004లో అమెరికాలోని షికాగో నగరమున థాట్‌వర్క్స్ అను సంస్థలో జేసన్ హగ్గిన్స్ అను ఉద్యోగి, తమ కార్యాలయములో కాలమును, ఖర్చులను వ్రాసికొను పుటను పరీక్షించుటకు ఒక సాధనము నిర్మించెను. ఆనాడు ఈ రంగములో మెర్క్యురీ అను కంపెనీ పేరుమోసినది. మెర్క్యురీ అనగా పాదరసము. పాదరసపు విషమునకు సెలీనియము విరుగుడను పరిహాసముతో ఈ సాధనమునకు ఆ పేరు పెట్టిరి. తరువాత బ్రౌజరును నడుపు ఆజ్ఞలన్నిటికి ఒక ఉమ్మడి భాష ఏర్పడి, 2018లో ప్రపంచ వెబ్ సంఘపు ప్రమాణమైనది. 2020లో మైక్రోసాఫ్టువారు ప్లేరైట్ అను సాధనమును వెలువరించిరి. ఇప్పుడు మేము ఎక్కువగా వాడునది అదియే.

అయినను ఆ ఆజ్ఞలను మనుష్యుడే వ్రాయవలసియుండెను. "పుట తెరువుము, పేరు గడిలో ఈ పేరు వ్రాయుము, పంపు మీట నొక్కుము, 'నమోదైనది' అను మాట కనబడవలెను" అని ఒక్కొక్క వాక్యము కూర్చుటకు రోజులు పట్టును. మూలసంకేతము చేతనే ఉన్నదికదా, దానిని చదివి ఈ వాక్యములను యంత్రమే వ్రాయరాదా అను ఆలోచన సహజముగా వచ్చినది. అది జరుగు విధము ఇట్లుండును. యంత్రము మొదట ఆ వ్రాతను వ్యాకరణము తెలిసినవానివలె విడదీయును. ఏ గడి ఏ గడిలోపల ఉన్నది, ఏ మీటకు ఏ పని తగిలింపబడినది అని ఒక వృక్షముగా పేర్చికొనును. పిదప "ఇట్లయినచో అట్లు, కానిచో ఇట్లు" అని చీలిన చోట్లను గుర్తించును. ప్రతి చీలికకు రెండు దారులు. ప్రతి దారికి ఒక పరీక్ష. సంకేతములో "18 సంవత్సరములకు తక్కువ కారాదు" అని ఉన్నచో 17, 18, 19 మూడును వేసి చూచును. ఏలయన తప్పులు ఎప్పుడును పొలముగట్టువంటి ఈ హద్దులయందే దాగియుండును. ఇటీవల పెద్ద భాషానమూనాలు వచ్చిన పిదప యంత్రము వృక్షములు పేర్చుటతో ఆగక, గడి శీర్షికలను చదివి, ఇది పేరు, ఇది ఫోను నెంబరు అని అర్థము చేసికొని, చూడముచ్చటయైన పరీక్షలు వ్రాయుచున్నది.

దీనివలన లాభము నిజముగా గొప్పది. మనిషి మరచిన మూలలను యంత్రము మరువదు. ఎవ్వరును ఎన్నడును నొక్కని మీటను సైతము అది నొక్కి చూచును. ఒక ఫారములో "రద్దు" అను మీట నొక్కినచో పేజీ అంతయు తెల్లబోవుచుండెను. ముగ్గురము పరీక్షకులము నెలనాళ్లు చూచినను మాకు తెలియలేదు, ఏలయన మేము ముగ్గురమును ఫారమును పంపుటయే కాని రద్దుచేయుట తలపెట్టలేదు. యంత్రము వ్రాసిన పరీక్ష మొదటినాడే దానిని పట్టినది.

మరియొక మంచి గుణమును చెప్పవలెను. పరీక్షకు మీట ఎచ్చటనున్నదో తెలియవలెను గదా. "రెండవ వరుసలో మూడవ పెట్టె" అని గుర్తుపెట్టుకొనిన పరీక్ష, పుట కొంచెము మారగానే తప్పిపోవును. వేపచెట్టు ప్రక్కన మూడవ ఇల్లని చిరునామా చెప్పినచో, నడుమ ఒక కొత్త ఇల్లు లేచిననాడు బంధువు దారి తప్పును. ఇంటివాని పేరు చెప్పుట మేలు. అట్లే "దరఖాస్తు పంపు అను పేరుగల మీట" అని శీర్షికతో వెదకుట మేలు. ఇందులో మాకు ఒక పక్షపాతముకూడ కలదు. చూపులేనివారు వాడు పఠనసాధనము ఆ శీర్షికనే చదివి వినిపించును. మా పరీక్షకు ఆ మీట పేరు దొరకలేదన్నచో, వారికిని దొరకదు. అందుచేత పేరు దొరకక నిలిచిపోయిన పరీక్షను చూచి మేము విసుగుకొనము.

ఇక దెబ్బ సంగతి. 2023 జూన్‌లో పంట వివరములు నమోదుచేయు ఒక ఫారమును మేము పరీక్షించితిమి. అది ఎవరిదో చెప్పనక్కరలేదు. తప్పులో మా పాలు మాకున్నది. మూలసంకేతము ఇచ్చి యంత్రముచేత పరీక్షలు వ్రాయించితిమి. అన్నియు పచ్చగుర్తుతో నెగ్గినవి. ఫారము జనుల ముందుకు పోయినది. కొన్నాళ్లకు స్వంత పనిపై యాడికికి పోయి, బజారులో ఒక ఇంటర్నెట్టు దుకాణముకడ నిలిచియుంటిమి. ఒక అవ్వ పాసుపుస్తకము కొంగున చుట్టుకొని వచ్చెను. కుఱ్ఱవాడు మా ఫారమునే తెరచి ఆమె వివరములు కొట్టసాగెను. సర్వేనెంబరు గడికడ నిలిచిపోయెను. ఆ నెంబరును మార్చి చెప్పుచున్నాము, 214-2బి అనుకొనుడు.

"అవ్వా, నెంబరు తప్పంటాది."

"తప్పెట్లయితాది నాయనా? మా మామ కాలం నుంచి ఆ నెంబరే ఉండాది. బుక్కులో సూడు."

"బుక్కులో సరిగానే ఉండాదవ్వా. ఈడ తీసుకోల్యా."

కుఱ్ఱవాడు తెలివిగలవాడు. నడుమ గీతను, చివర అక్షరమును తీసివేసి 2142 అని కొట్టెను. ఫారము వెంటనే అంగీకరించెను. అవ్వకు అంకెలు తెలియును. తెరను చూచి, కుఱ్ఱవాని చేయి పట్టుకొని, "ఆపు నాయనా, అది ఎవరి చేనో!" అనెను.

సరియైన నెంబరును త్రోసిపుచ్చి, తప్పు నెంబరును ఆదరముతో స్వీకరించిన ఫారము అది. దానికి మేము ఉత్తీర్ణపత్రము ఇచ్చియుంటిమి. గదికి వచ్చి మా పరీక్షలను తిరిగి చదివితిమి. సర్వేనెంబరు గడికి మూలసంకేతములో "అంకెలు మాత్రమే" అను నియమమున్నది. యంత్రము దానిని శ్రద్ధగా చదివి రెండు పరీక్షలు వ్రాసినది. 214 అని కొట్టినచో అంగీకరింపవలెను అని ఒకటి. 214-2బి వంటిది కొట్టినచో తప్పని చూపవలెను అని రెండవది. రెండును నెగ్గినవి! రెండవదానిని మేము చూచితిమి కూడ. చూచి, చెడ్డ నెంబరును కూడ పరీక్షించినది గదా అని మెచ్చుకొంటిమి. సీమలో పుట్టి, అన్నదమ్ములు భాగములు పంచుకొన్న చేలకు ఇట్టి ఉపవిభాగపు నెంబర్లే ఉండునని బాల్యమునుండి ఎరిగియు, తెరముందు ఆ మాట తోచలేదు.

నేతపని ఎరిగినవారికి దీనిని సులభముగా చెప్పవచ్చును. ధర్మవరపు పట్టుచీర అంచుపై పువ్వు వేయవలెనన్నచో, మొదట గళ్లకాగితముపై బొమ్మ గీయుదురు. దానిని చూచి అట్టలకు రంధ్రములు కొట్టుదురు. ఆ అట్టలు జకార్డు యంత్రమునకెక్కి పడుగుదారములను లేపును. 1804 నాటి ఫ్రెంచివాని ఉపాయము అది. నేసిన బట్టను అట్టతో పోల్చిచూచినచో, ప్రతి రంధ్రమునకు సరియైన పోగు లేచినదో లేదో తెలియును. కాని రంధ్రమే తప్పుచోట కొట్టినచో? బట్టయు, అట్టయు చక్కగా సరిపోవును. పువ్వుమాత్రము వంకరగా ఉండును. ఆ వంకరను పట్టవలెనన్నచో మొదటి గళ్లకాగితము చేతనుండవలెను. మూలసంకేతము అట్టవంటిది. దానినుండి పుట్టిన పరీక్ష బట్టను అట్టతోనే పోల్చును.

ఈ చిక్కు కొత్తది కాదు. పరీక్షకు సరియైన జవాబు చెప్పు ఆధారమును ఆరకిల్ అందురు. 1978లో విలియం హౌడెన్ అను పండితుడు ఆ పేరు పెట్టెను. పూర్వము గ్రీకుల దేవళములో భవిష్యము చెప్పు పూజారిణిని అట్లనెడివారు. మన ఎరుకలసాని వంటిదనుకొనుడు. పరీక్ష అనగా అడుగుటయే. జవాబు సరియా కాదా అని చెప్పగలవారు వేరుగ ఉండవలెను. ఫారమునే అడిగి, ఫారమునే సాక్ష్యము పలుకుమన్నచో, అది తన్ను తాను తప్పు పట్టుకొనునా? ఆ ఇంగితము మాకు పుస్తకమున ఉన్నది, పనిలో లేకపోయినది.

ఒకసారి కన్ను తెరచిన పిదప ఇట్టివి మరికొన్ని కనబడినవి. విస్తీర్ణపు గడిని చూడుడు. అనంతపురములో ఎకరమునకు 100 సెంట్లు. తెలంగాణములో ఎకరమునకు 40 గుంటలు. 3.20 అని వ్రాసినచో ఇచ్చట మూడెకరముల ఇరువది సెంట్లు. అచ్చటివారు వ్రాసికొను వాడుకలో మూడెకరముల ఇరువది గుంటలు, అనగా మూడున్నర ఎకరములు. అవ్వవంటివారు "మూడెకరాల ఐదు సెంట్లు" అని చెప్పగా కుఱ్ఱవాడు తొందరలో 3.5 అని కొట్టినచో, కంప్యూటరు దానిని మూడెకరముల ఏబది సెంట్లుగా తీసికొనును. నలువదియైదు సెంట్లు గాలిలో పుట్టును. మూలసంకేతమునకు అది దశాంశ సంఖ్య, అంతే. యంత్రము సున్న వేసి చూచినది, ఋణసంఖ్య వేసి చూచినది, పెద్దసంఖ్య వేసి చూచినది. సెంటు అనునదొకటి ఉన్నదని దానికి చెప్పినవారెవరు?

పేరు గడి మరియొక వింత. "యాడికి" అను మాట మన కంటికి మూడక్షరములు. కంప్యూటరునకు ఆరు గుర్తులు, ఏలయన దీర్ఘమును, గుడిని అది విడిగా లెక్కించును. "వేంకటలక్ష్మమ్మ" కంటికి ఆరక్షరములు; కంప్యూటరు లెక్కకు పదునాలుగు. ఒక గడికి పన్నెండు గుర్తుల హద్దు పెట్టిరి. తెలుగులో కొట్టినచో ఆ గడి "వేంకటలక్ష్మమ" వరకు తీసికొని, ఏ తప్పును చూపక ఆగిపోవును. యంత్రము వ్రాసిన పరీక్ష పన్నెండు ఇంగ్లీషు అక్షరముల పేరు వేసినది, పదమూడవది పడకుండుట చూచినది, నెగ్గినది. సగము పేరుతో నమోదైన అర్జీ, బ్యాంకుపుస్తకములోని పేరుతో సరిపోక ఎచ్చటనో చిక్కుకొనును. అప్పుడు వేంకటలక్ష్మమ్మకు తన పేరులో ఒక మకారవత్తు పోయినందున డబ్బు రాలేదని ఎవరు చెప్పుదురు?

వేగము సంగతియు ఒకటి. నగరములోని మా గదిలో పుట ఒక క్షణములో తెరచుకొనును. దుకాణములో అవ్వ ముందు అదే పుట వక్కాకు వేసికొనునంత సేపు తిరిగినది. "మూడు సెకనులు ఆగి చూడుము" అని వ్రాసిన పరీక్ష అట్టిచోట ఒకనాడు నెగ్గును, ఒకనాడు ఓడును. పరీక్షకులు దానిని నమ్మక వదలివేయుదురు. సెకనులు లెక్కించుటకు బదులు, ఫలానా మాట కనబడువరకు ఆగుమనుట సరియైన పద్ధతి. అంతకంటె ముఖ్యమైనది, మీట నొక్కినను ఏమియు కదలకున్నచో మనిషి మరల నొక్కును. కుఱ్ఱవాడు మూడుమార్లు నొక్కెను. యంత్రము వ్రాసిన పరీక్షలన్నిటిలో పంపు మీటను ఒక్కమారే నొక్కియున్నది. సంకేతములో "ఓపికలేని వేలు" అని ఎచ్చటను వ్రాసియుండదు గదా.

ఇంత చెప్పినను, యంత్రముచేత వ్రాయించుటను మేము మానలేదు. మానుట అవివేకము. 1,024 దారులను మరల చేతితో తొక్కుమన్నచో మేము తొక్కము. పంచుకొన్న విధము మారినది. దారులు ఎన్ని, ఎచ్చటెచ్చట చీలినవి, ఏ మీట ఏ మూలనున్నది అనునవి మూలసంకేతమునుండి తీసికొందుము. ఏ దారి చివర ఏమి కనబడవలెను అనునది మాత్రము సంకేతమును చూడక వ్రాయుదుము. దానికై ఒక నోటుపుస్తకము పెట్టితిమి. పాసుపుస్తకములలో నెంబర్లు ఎట్లుండునో, సెంట్లు ఎట్లు వ్రాయుదురో, ఇంటిపేరు ఒక్క అక్షరమే అయినచో ఎచ్చట పెట్టుదురో, కౌంటరుకడ కూర్చుండువారిని అడిగి అందులో వ్రాసికొందుము. యంత్రమునకు సంకేతముతోపాటు ఆ పుస్తకమును కూడ ఇత్తుము. రెండింటికి పొత్తు కుదరనిచోట పరీక్ష ఓడును. ఓడిన పరీక్షయే మాకు వార్త.

ఇచ్చట ఒక ప్రలోభమున్నది. పరీక్ష ఓడినప్పుడు "దీనిని సరిచేయుము" అని యంత్రమునకు చెప్పుట చాల సులభము. అది వినయముగా సరిచేయును. ఫారము చూపిన జవాబునే పరీక్షలో సరియైన జవాబుగా మార్చి, పచ్చగుర్తు తెచ్చి ఇచ్చును. సాయంకాలము ఆరుగంటలకు ఇంటికి పోవలెనను తొందరలో ఆ పచ్చదనము ఎంత హాయిగా ఉండునో మాకు తెలియును. కావున నోటుపుస్తకమునుండి వచ్చిన వాక్యములను యంత్రము తాకరాదను కట్టడి చేసికొంటిమి. వానిని మార్చవలెనన్నచో మాలో ఇద్దరు చదివి, ఎందుకు మార్చుచున్నారో వ్రాయవలెను.

అవ్వ దుకాణమునకు వచ్చిన నాలుగవనాడు ఆ నియమమును సవరించిరి. గీతయు, అక్షరమును ఉన్న నెంబర్లను గడి అంగీకరించినది. ఆ సాయంకాలము మా పరీక్షలలో ఒకటి ఎఱ్ఱబడినది. 214-2బి తప్పని చూపవలెనను పరీక్ష అది. దానిని కొట్టివేసి, ఆ స్థానమున అవ్వ పాసుపుస్తకపు నెంబరు వంటివి ఇరువది చేర్చితిమి. దుకాణపు కుఱ్ఱవానికి ఫోను చేసి, ఆమె వివరములు మరల కొట్టుమంటిమి. చివరి తేదీకి ఇంక రెండునాళ్లున్నవి. నమోదైనదని చెప్పెను.

విస్తీర్ణపు గడి ఇప్పుడు రెండు గడులైనది, ఎకరములకు ఒకటి, సెంట్లకు ఒకటి. అది చూచి ఆ కుఱ్ఱవాడే మమ్ము అడిగెను: "అన్నా, గుంటలోళ్లకేం చేస్తారు?" ఆ ప్రశ్న పుస్తకములో వ్రాసికొంటిమి. దానికి పరీక్ష ఇంకను వ్రాయవలసియున్నది.